బాగున్నానన్న మాట

(పదిహేడవ భాగం)

"వేలు సరిగ్గా పెట్టండి," అంది హెప్సీబా.

"సరిగ్గానే పెట్టా గదే."

"ఆ చెయ్యి కాదు, ఈ చెయ్యి. ఇంకోసారి."

తలుపు జానెడు మాత్రమే తెరిచి ఉంది. ఆ సందులోంచి మంచం అంచు, దుప్పటి, దుప్పటి మీద భర్త ఇస్సాకు కుడిచెయ్యి తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. మధ్యవేలికి తగిలించిన, రక్తంలో ఆక్సిజన్ కొలిచే చిన్న యంత్రం మీద ఎర్రటి అంకె కాసేపు ఊగిసలాడి నిలబడింది. ఎనభై తొమ్మిది. ఆమె చూస్తుండగానే ఎనభై ఎనిమిదయింది.

నిన్న ఇదే వేళకి తొంభై రెండు ఉంది.

"యంత్రానిదేముంది, చేతులు చల్లబడితే అట్టాగే చూపిస్తది," అన్నాడు ఇస్సాకు. మాటకీ మాటకీ మధ్య ఆగుతున్నాడు. "దేవుని దయ వల్ల నేను బాగుండా. జొరం కూడా దిగింది. స్తోత్రం."

హెప్సీబా తలుపు దగ్గరే నిలబడిపోయింది. గంజి గిన్నె గడప లోపలికి జరిపింది. నిన్న రాత్రి పెట్టిన గిన్నె సగం కూడా ఖాళీ కాకుండా అక్కడే ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుంది.

స్తోత్రం అన్న మాట ఇస్సాకు నాలుక చివర కాపురముంటుంది. హాంబర్గ్ వచ్చిన మొదటి చలికాలం హీటరు తొమ్మిది రోజులు పని చెయ్యకపోతే, "స్తోత్రం, గూడూరులో అయితే దోమలు కుట్టి చంపేవి" అన్నాడు. సైకిలెవరో ఎత్తుకుపోతే, "స్తోత్రం, నడిస్తే పొట్ట తగ్గుతది" అన్నాడు. రేవులో నావికుల సేవాకేంద్రంలో ఆయన పని. నెలల తరబడి నేల తొక్కని ఓడ మనుషులకి ఊలు టోపీలు, సిమ్ కార్డులు, చాక్లెట్లు సంచుల్లో పెట్టుకుని వానలో తడుస్తూ పోయి, ఓడ నిచ్చెన కింద నిలబడి చెయ్యూపుతాడు. పైనుంచి వాళ్ళు "పాస్టర్, హౌ ఆర్ యూ?" అని కేకేస్తే కిందినుంచి "ప్రైజ్ గాడ్, వెరీ గుడ్!" అని ఈయన కేకేస్తాడు. గాలికి గొడుగు వెనక్కి తిరిగిపోయినా సరే వెరీ గుడ్డే. అందుకే ఆయనంటే వాళ్ళకి ప్రాణం.

ఈ మహమ్మారి కాలంలో ఓడల మీదినుంచి ఎవరినీ దిగనివ్వడం లేదు కాబట్టి డిసెంబరు మొదటి వారమంతా ఆయనే పదిసార్లు రేవుకి తిరిగాడు. ఎక్కడ అంటుకుందో తెలియదు. తల్లీకూతుళ్ళకి పరీక్షలో లేదని వచ్చింది గానీ ముగ్గురూ గడప దాటకూడదు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు.

"హెప్సీ, ఇంకా ఆడే ఉండావా? పో, బిడ్డకి టిఫిను పెట్టు," అన్నాడు లోపలినుంచి.

ఆమె వెళ్ళింది.

బయటి గదిలో కెజియా అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉంది. పదిహేనేళ్ళ పిల్ల. ముందు లాప్‌టాప్‌లో టీచరమ్మ ఏదో చెబుతుంటే ఆ గొంతు మ్యూట్ చేసి, కిటికీలోంచి వాన చూస్తోంది. ఉప్మా పళ్ళెం ముందుకి జరిపితే ముట్టుకోలేదు.

గోడ అవతలినుంచి ఇస్సాకు గొంతు వినిపించింది. "అమ్మడూ, ఇయాళ నీ స్తుతులు చెప్పలేదు."

ఆ ఇంట్లో అదొక నియమం. పళ్ళెంలో చెయ్యి పెట్టేముందు ఒక్కొక్కరూ ఆ రోజుకి దేవుడికి మూడు స్తుతులు చెప్పాలి. బల్ల దగ్గర ఫిర్యాదు నోట రాకూడదు. కెజియా నాలుగేళ్ళప్పుడు "పిల్లికి స్తోత్రం, బెల్లానికి స్తోత్రం, నా కాళ్ళకి స్తోత్రం" అంటే సంఘమంతా నవ్వి ముద్దులు పెట్టుకుంది.

"నాకేమీ లేవు డాడీ."

"అట్టా అనకూడదమ్మా. వెతికితే దొరకతయి."

"నో. ఐ హావ్ నథింగ్. నిష్ట్స్!" కెజియా కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. "నువ్వు రోజూ అబద్ధం చెప్తావ్ డాడీ. ఆ హెల్త్ ఆఫీస్ నుంచి ఫోన్ చేసే ఆమెకి గూట్, గూట్, బాగున్నా అంటావ్. నీకేం గూట్ లేదు!"

"కెజియా!" హెప్సీబా గొంతు ఆమెకే తెలియకుండా పెద్దదయింది. "నాయనతో మాట్లాడే తీరేనా అది?"

"నువ్వు మాత్రం? నువ్వు కూడా అంతే మమ్మీ. గూడూరు చర్చికి ప్రతి నెలా ప్రేయర్ లెటర్ రాస్తావ్ గదా, టైప్ చేసేది నేనే గదా! వంటింటి గోడకి బూజొచ్చింది, స్తోత్రం. మూడు ఫ్లోర్లు లిఫ్ట్ లేదు, స్తోత్రం. అది చెప్పేటప్పుడు నువ్వు ఏడుస్తా చెప్పావ్. ఏడుస్తా ఉండావని మాత్రం రాయనివ్వలేదు!"

హెప్సీబా ముట్టని ఉప్మా పళ్ళెం వెనక్కి తీసుకుంది.

అది నిజం. ఆ ఉత్తరాలు ఆదివారం ఆరాధనలో చదువుతారు. చదివాక "పాస్టరమ్మ ఎంత ఓర్పుగల మనిషి" అంటారు. ఆ ఓర్పు వెనక చన్నీళ్ళ స్నానాలూ, నాలుగు గంటలకే చీకటిపడే మధ్యాహ్నాలూ, రొట్టె తిని తిని చచ్చిన నోరూ, దుకాణంలో సరైన మాట దొరక్క చేత్తో చూపించి అడుక్కోవడాలూ ఉన్నాయి. కృతజ్ఞత అంటే ఇవన్నీ మింగేసి మొహం తుడుచుకోవడమేనని ఆమె ఆరేళ్ళుగా అనుకుంటోంది. లోపల మాత్రం అది ఏనాడూ స్తుతిగా మారలేదు. కోపంగానే ఉండిపోయింది.

గోడ అవతల దగ్గు మొదలైంది. చాలాసేపు సాగింది. ఆగింది. ఆగాక ఏ చప్పుడూ లేదు.

తల్లీకూతుళ్ళిద్దరూ కదలకుండా గోడవైపు చూశారు.

"స్తోత్రం," అని నీరసంగా వినిపించింది.

కెజియా కళ్ళు తుడుచుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది.

హెప్సీబా ఫోన్ తీసుకుని స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుంది. బాత్ టబ్బు నిండా నానబెట్టిన బట్టలున్నాయి. సెల్లారులో ఉమ్మడి వాషింగ్ మెషిన్ దగ్గరికి పోకూడదు కాబట్టి తొమ్మిది రోజులుగా ఇంటిల్లిపాది బట్టలూ చేత్తోనే ఉతుకుతోంది. టబ్బు అంచు మీద కూర్చుని డాక్టర్ కుముదినికి ఫోన్ చేసింది.

కుముదిని గారు బెజవాడనుంచి యాభై ఏళ్ళ కిందట ఈ దేశం వచ్చిన మనిషి. ఊపిరితిత్తుల డాక్టరుగా చేసి రిటైరయింది. చర్చికి రాదు, పూజలూ పెద్దగా చెయ్యదు. తెలుగువాళ్ళ ఉగాది విందులో పరిచయమైంది. జబ్బు సంగతి తెలియగానే ఆ యంత్రాన్ని తెచ్చి కింద ఉత్తరాల పెట్టెలో పడేసి పోయింది.

"ఎంతుంది?" అంది ఫోనెత్తగానే. పలకరింపు లేదు.

"ఎనభై ఎనిమిదండీ. ఆయాసం లేదంటా ఉండారు. నవ్వతా మాట్లాడతా ఉండారు."

"ఈ జబ్బులో నవ్వుతూనే పోతారమ్మా. రక్తంలో గాలి తగ్గిపోతున్నా మనిషికి తెలీదు. తెలిసేసరికి చెయ్యి దాటిపోతుంది. ఆరోగ్య శాఖ వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారుగా? వాళ్ళకేం చెప్తున్నాడు?"

"బాగుండానని."

"నా ఖర్మ! చూడు హెప్సీబా, ఇక్కడి ఆఫీసు మనిషి ఎలా ఉన్నావని అడిగితే అది పలకరింపు కాదు. లెక్కలోకి వచ్చే ప్రశ్న. బాగున్నానంటే బాగున్నాడని రాసుకుని ఫైలు పక్కన పెడుతుంది. మనవాళ్ళయితే మొహం చూసి పోల్చుకుంటారు. ఫోన్లో మొహమేదీ? నువ్వెందుకు నోరు మూసుకు కూర్చున్నావ్?"

"నేను మాటిచ్చాను డాక్టరుగారూ. ఆసుపత్రికి పంపనని."

"ఎందుకిచ్చావ్?" అంది కుముదిని.

"వాళ్ళన్న సంగతి మీకు చెప్పా గదా," అంది హెప్సీబా.

సెప్టెంబరులో ఇస్సాకు పెద్దన్న దానియేలు నెల్లూరులో ఆసుపత్రికి తన కాళ్ళమీద తనే నడుచుకుంటూ వెళ్ళాడు. నాలుగోనాడు ప్లాస్టిక్ సంచిలో బయటికొచ్చాడు. మొహం ఎవరూ చూడలేదు. సమాధి కార్యక్రమం ఇస్సాకు ఇక్కడ ఫోన్లో చూశాడు. మట్టి వేసే వేళకి బొమ్మ బిగుసుకుపోయింది. ఫోన్ పక్కన పెట్టి, "స్తోత్రం, ఎక్కువ బాధపడకుండా పోయినాడు" అన్నాడు. అని, ఇదే స్నానాల గదిలోకి వచ్చి గంటసేపు కుళాయి విప్పుకుని కూర్చున్నాడు. ఆ గంట గురించి మొగుడూ పెళ్ళాలు ఇంతవరకూ మాట్లాడుకోలేదు.

తనకి జబ్బని తేలిన రోజున ఆమె చెయ్యి బైబిలు వాక్యం మీద పెట్టించి, "ఏమైనా సరే నన్ను ఆసుపత్రికి పంపబాక" అని మాట తీసుకున్నాడు.

"మీ దేవుడి సంగతి నాకు తెలీదు, నేను మాట్లాడను," అంది కుముదిని, గొంతు తగ్గించి. "ఊపిరితిత్తుల సంగతి తెలుసు. ఈ మధ్యాహ్నం దాటనివ్వకు. దాటనిస్తే, నీ మాట నిలబడుతుంది గానీ ఆ మనిషి నిలబడడు."

ఫోన్ పెట్టేశాక హెప్సీబా చాలాసేపు నీళ్ళలో బట్టలవైపు చూస్తూ కూర్చుంది. ఆసుపత్రికి పంపితే అన్నలాగే పోతాడేమో. పంపకపోతే కళ్ళముందే పోతాడేమో. ఎటు చూసినా అదే మాట ఎదురొస్తోంది.

ఆమె బయటికొచ్చి, తొమ్మిది రోజులుగా తను పడుకుంటున్న సోఫా మీద కూర్చుని గోడకి తల ఆనించింది.

అది గోడ అనడానికి లేదు. ఎవరో పాత అద్దెవాళ్ళు పెద్ద గదిని రెండు చేద్దామని నిలబెట్టిన చెక్క పలక. ఈ ఇంట్లో హెప్సీబా పడ్డ బాధల్లో దీనిదే మొదటి స్థానం. ఇటు తుమ్మితే అటు వినిపిస్తుంది. ఆరేళ్ళు ఆయన గురక, పిల్ల ఫోన్ కబుర్లు, ఆయన తెల్లవారుజాము ప్రార్థన, అన్నీ నిద్ర చెడగొట్టినవే. దీన్ని మార్పించండని ఆయన్ని ఎన్నిసార్లు సాధించిందో లెక్కలేదు.

ఇప్పుడు ఆ పలక మీద చెవి పెడితే ఆయన ఊపిరి వినిపిస్తోంది. పొట్టిపొట్టిగా, తొందరగా, మధ్యలో ఎక్కడో చిక్కుకున్నట్టు. తొమ్మిది రోజులుగా ఆమె ఈ ఊపిరి వింటూనే కునుకు తీస్తోంది. అది మారితే లేచి కూర్చుంటోంది. మంచి ఇటుక గోడ అయి ఉంటే, తలుపు మూసిన ఆ గదిలో ఆయన బతికున్నాడో లేదో కూడా ఆమెకి తెలిసేది కాదు.

"ఈ చెక్కకి స్తోత్రం," అనుకుంది. అనుకుని తనే ఉలిక్కిపడింది. ఎవరికోసమూ అన్న మాట కాదు అది. ఉత్తరంలో రాయడానికి కాదు, బల్ల దగ్గర నియమం కోసం కాదు. దానిలో మింగిన కోపం లేదు. భయం మాత్రం ఉంది, భయం ఉన్నా కూడా అది స్తుతే. ఈ రెండూ ఒకే గుండెలో ఉండొచ్చని ఆమెకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆమె కళ్ళు నిండాయి.

పదింటికి అవతల ఫోన్ మోగింది.

ఆరోగ్య శాఖ మనిషి, ఫ్రావ్ లెమ్కె అంటే లెమ్కె గారు. రోజూ సరిగ్గా పదికే చేస్తుంది. ఇస్సాకు రెండో మోతకీ ఎత్తలేదు, మూడో మోతకీ ఎత్తలేదు. హెప్సీబా చెవి పలకకి అంటుకుపోయింది.

ఆయన ఊపిరి కూడగట్టుకుంటున్నాడు. ఒకటి లాగాడు, వదిలాడు. ఇంకోటి లాగాడు. మూడోది లాగి, బిగపట్టి, అప్పుడు ఫోనెత్తాడు.

"గూటెన్ మోర్గెన్, ఫ్రావ్ లెమ్కె!" గొంతు ఖంగుమంది.

"గూటెన్ మోర్గెన్, హెర్ బత్తుల. ఇవాళ ఎలా ఉన్నారు?"

"గాట్ సై డాంక్, గూట్!" దేవుడికి స్తోత్రం, బాగున్నాను అని.

వెంటనే ఫోను దూరంగా పెట్టి నోరు తెరిచి గాలి లాక్కున్న చప్పుడు ఇటు స్పష్టంగా వినిపించింది.

అలవాటు కొద్దీ అంటున్నాడనుకుంది హెప్సీబా ఇన్నాళ్ళూ. కాదు. ఆయనకి తెలుసు. తెలిసే దాస్తున్నాడు.

ఆమె లేచింది. మాస్కు సంగతి కూడా గుర్తులేదు. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి, మంచం మీద కూర్చున్న మొగుడి చేతిలోంచి ఫోన్ లాక్కుంది. ఆయన పెదవులు నల్లబడి ఉన్నాయి. తొమ్మిది రోజుల్లో ఆ మొహాన్ని పూర్తిగా చూడటం అదే మొదటిసారి.

"నైన్, కాదు!" అంది ఫోన్లోకి. "ఫ్రావ్ లెమ్కె, నైన్. నిష్ట్ గూట్."

"ఎవరు మాట్లాడుతున్నారు?"

"భార్య. నేను భార్య." ఆమెకొచ్చిన జర్మన్ అంతా కూరగాయల దుకాణం జర్మన్. దాన్నే ముక్కలు ముక్కలుగా పేర్చింది. "ఆయన బాగాలేడు. ఆక్సిజన్ ఎనభై ఎనిమిది. తినడం లేదు. పెదవులు నలుపు. ఆయన మీకు నిజం చెప్పడం లేదు. రోజూ చెప్పడం లేదు."

ఫ్రావ్ లెమ్కె గొంతు మారిపోయింది. ఇంటి నంబరు చెప్పింది, అదేనా అని అడిగింది. అంబులెన్సు వస్తుంది, కింది తలుపు తీసి ఉంచమంది, కిటికీ తెరవమంది.

హెప్సీబా ఫోన్ మంచం మీద పెట్టింది.

"మాటిచ్చినావు," అన్నాడు ఇస్సాకు.

"ఇచ్చాను."

"వాక్యం మీద చెయ్యి పెట్టి ఇచ్చినావు."

"పెట్టాను. తప్పయితే ఆ తప్పు నాది. నేనే లెక్క చెప్పుకుంటా."

"పరాయి మనిషి ముందర నన్ను అబద్ధికుణ్ణి చేసినావు హెప్సీ." గాలి కోసం ఆగాడు. "ఆరేళ్ళు. ఈ ఊళ్ళో దేవుని గురించి నా సాక్ష్యం. ఒక్క మాటతో పోగొట్టినావు."

హెప్సీబా ఏదో అనబోయింది. ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన అరిచిన రోజులున్నాయి, అలిగిన రోజులున్నాయి. ఇలా ఆమె లేనట్టు తిరిగి కూర్చున్న రోజు లేదు. ఆమె కిటికీ తెరిచి, దుప్పటి ఆయన భుజాల మీద కప్పి, పక్కనే నిలబడింది. ఆయన దుప్పటిని కూడా సర్దుకోలేదు.

పావుగంటలో మెట్లమీద బూట్ల చప్పుడయింది. తెల్లటి బట్టలు తొడుక్కున్న ఇద్దరు. కళ్ళు తప్ప మనుషుల్లో ఇంకేమీ కనిపించడం లేదు. ఒకతను ఇస్సాకు వేలికి తమ యంత్రం పెట్టి రెండోవాడితో ఏదో అన్నాడు. కెజియా గుమ్మం దగ్గర నిలబడి వింటోంది.

"ఏమంటున్నాడే?"

"ఎయిటీ సిక్స్, మమ్మీ."

ఆ మనిషి ఇస్సాకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని నెమ్మదిగా అడిగాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, వస్తారా? రానంటే బలవంతం చెయ్యడానికి మాకు హక్కు లేదు. రానని సంతకం పెట్టాల్సి ఉంటుంది.

ఇస్సాకు ఆ కాయితంవైపు చూశాడు. పెన్నువైపు చూశాడు. ఆయన సంతకం పెడితే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు.

"అమ్మడూ," అన్నాడు కూతుర్ని చూసి. "పెదనాయన కూడా నడుచుకుంటానే పోయినాడు."

"ఐ నో, డాడీ."

"నాకు భయమేస్తా ఉంది."

ఆ మాట ఆ ఇంట్లో ఎప్పుడూ వినపడలేదు. కెజియా ఏడుస్తూనే దాన్ని జర్మన్‌లోకి మార్చి చెప్పింది. తెల్లబట్టల మనిషి తలూపాడు. కాయితం మడిచి జేబులో పెట్టుకుని, ఆక్సిజన్ మాస్కు ఇస్సాకు మొహానికి తగిలించాడు. ఇస్సాకు అడ్డు చెప్పలేదు.

మూడంతస్తుల మెట్లు. కుర్చీలో కూర్చోబెట్టి దించుతుంటే ప్రతి మలుపులోనూ కుర్చీ గోడకి తగిలింది. హెప్సీబా పై మెట్టు మీదే ఆగిపోవాలి. కిందికి వంగి చూస్తూ, "ఏవండీ," అని పిలిచింది.

ఆయన తలెత్తలేదు. స్తోత్రం కూడా అనలేదు.

మరునాడు పొద్దున్న గూడూరునుంచి సంఘపెద్ద వెంకటేశ్వర రావు ఫోన్ చేశాడు. "అమ్మగారూ, అయ్యగారు ఎట్టుండారు? ఆదివారం ఆరాధనలో చెప్పాల గదా."

"బాగాలేదండీ."

"అట్టా అనబాకండమ్మా! విశ్వాసంతో మాట్లాడాల. దేవుని దయ వల్ల కోలుకుంటా ఉండారని చెప్తాంలే."

"విశ్వాసంతోనే చెప్తా ఉండాను. బాగాలేదు. బాగాలేదని చెప్పే ప్రార్థన చేయించండి. చెక్క గోడకి స్తోత్రం చెప్పండి, డాక్టరమ్మకి స్తోత్రం చెప్పండి. మా ఆయన బాగుండాడని మాత్రం చెప్పబాకండి."

చెక్క గోడేమిటో ఆయనకి అర్థం కాలేదు. "సరేనమ్మా," అని కాసేపు నసిగి పెట్టేశాడు. పాస్టరమ్మకి మతి చెదిరిందని సాయంత్రానికి సంఘమంతా అనుకుంటారు. అనుకోనీ.

ఆసుపత్రినుంచి ఏ కబురూ లేదు. హెప్సీబా సోఫా మీద కూర్చుని పలకకి చెవి ఆనించింది. అవతల ఏమీ లేదు. ఆ నిశ్శబ్దానికి తట్టుకోలేక లేచి, ఆయన గదిలోకి వెళ్ళి దుప్పటి మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. ఆయన ఫోన్‌కి ఆమె పంపిన ఆరు మెసేజీల్లో ఒక్కదానికీ జవాబు లేదు. చదివినట్టు మాత్రం గుర్తులు పడ్డాయి.

మూడు దాటాక తెలియని నంబరునుంచి ఫోన్ వచ్చింది. కెజియా స్పీకర్ పెట్టింది.

"ఫ్రావ్ బత్తుల? నేను మీ భర్తని చూస్తున్న డాక్టర్ని." చిన్న వయసు గొంతు. ఒక్కో మాటా విడమరిచి చెబుతున్నాడు. కెజియా తల్లి చెయ్యి పట్టుకుని ఒక్కో వాక్యం తెలుగులోకి తెస్తోంది. మాస్కుతో ఇచ్చే ఆక్సిజన్ సరిపోవడం లేదు. మత్తిచ్చి, గొంతులోకి గొట్టం వేసి, యంత్రంతో ఊపిరి ఆడించాలనుకుంటున్నారు. వేస్తే లేస్తారని ఖాయంగా చెప్పలేరు. వెయ్యకపోతే ఈ రాత్రి గడవడం కష్టం. ఎక్కువ సమయం లేదు.

"ఆయనకి స్పృహ ఉందా?" అంది హెప్సీబా.

ఉంది. నిర్ణయం చెప్పాల్సింది కూడా ఆయనే. అందుకే ముందు ఆయన్నే అడిగాం. మీకెలా ఉంది, మీరేమంటారు అని. అప్పుడాయన...

కెజియా ఆగిపోయింది.

"ఏమన్నాడంట? చెప్పవే!"

"మమ్మీ..." పిల్ల తల్లి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది. "నన్ను అడగొద్దు అన్నారంట డాడీ. నేను బాగున్నాననే చెప్తాను, నాకు ఇంకోటి చెప్పడం రాదు. నా సంగతి నా భార్యని అడగండి, ఆమె నిజం చెప్తుంది... అన్నారంట. నువ్వు ఏం చెప్తే దానికి సైన్ చేస్తారంట."

హెప్సీబా ఫోన్‌కి దగ్గరగా జరిగింది. నిన్న మెట్లమీద తలెత్తని మనిషి. రాత్రంతా ఆరు మెసేజీలు చదివి ఒక్క మాట పంపని మనిషి. కోపంతో కాదని ఇప్పుడు తెలిసింది. ఆమె ఏడవలేదు. ఏడుపుకి వేళ లేదు.

"ఆయనతో ఒక్క మాట," అంది. "బిట్టె, దయచేసి. ఒక్క మాట."

అవతల ఏవో చప్పుళ్ళు, యంత్రాల కూతలు. ఫోన్ ఎవరో ఎవరికో అందించారు. గాలి బుసలు కొట్టే చప్పుడు, దాని వెనకాల ఆమె తొమ్మిది రోజులు విన్న ఊపిరి. ఇప్పుడు ఇంకా పొట్టిగా, ఇంకా తొందరగా ఉంది.

"హెప్సీ."

"ఆఁ, చెప్పండి. ఉండాను."

"నువ్వు... చెప్పు."

"నాకేం తెలుసు? నేను డాక్టర్నా? నాకూ భయమేస్తా ఉంది!"

ఆయన ఇంకో మాట అనడానికి ప్రయత్నించాడు. రాలేదు. ఫోన్ మళ్ళీ చేతులు మారింది.

ఇన్నేళ్ళూ ఆయన వెనకాలే ఆమెన్ అంది ఆమె. ముందుగా మాట చెప్పాల్సిన పని ఆమెకి ఏనాడూ పడలేదు. గొట్టం వెయ్యమంటే, ఆమె గొంతు విని ఆయన నిద్రపోతాడు. లేవకపోతే ఆ నిద్ర ఆమె ఇచ్చినదవుతుంది. వద్దంటే...

కెజియా తల్లి మొహంలోకి చూస్తోంది.

"ఫ్రావ్ బత్తుల," అన్నాడు డాక్టర్. "పెన్ను ఆయన చేతిలో ఉంది. మీ మాట కోసం చూస్తున్నారు. అవునా, కాదా?"